ఒకే చిరునామా ఉన్న నాలుగు పెట్టెలు

నేను నెల్లూరులో ఒక ఆక్వా పరికరాల కంపెనీ సర్వీసు ఆఫీసులో సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా ఉండగా, రిటైర్ కావడానికి ముందు సంవత్సరం మే నెల చివరి వారంలో, తోటపల్లి గూడూరు మండలం నుంచి ఒక రొయ్యల రైతు ఫిర్యాదు నా పేరు మీద పడింది. సీనియర్ అన్నాను కదా అని పెద్ద కుర్చీ అనుకోవద్దు. ఫీల్డు టెక్నీషియన్ రెండుసార్లు పోయినా తెమలని పని మూడోసారి మా దగ్గరికి వస్తుంది, అంతే. మేము చేరేసరికి రైతుకి తిట్లన్నీ అయిపోయి ఉంటాయి. ఊరికే చూస్తుంటాడు. తిట్టే రైతే నయం.

నిత్యా, నేను చెప్పేది రాస్తున్నావు కదా, ముందు ఆ పెట్టె సంగతి రాయి. అది తెలియకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

రొయ్యకి నీళ్ళలో ఆక్సిజన్ కావాలి. పగలు ఎండకి నీళ్ళలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడితే ఆ పాచే తిరిగి లాక్కుంటుంది. అందుకే తెల్లవారేసరికి చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీను. అప్పుడు ఏరియేటర్లు తిప్పాలి. నీళ్ళని చిలికే చక్రాలవి, రైతులు ఫ్యాన్లు అంటారు. మా పెట్టె చేసే పని ఒకటే. దానికి ఒక పుల్ల ఉంటుంది. పుల్ల నీళ్ళలో మునిగి ఆక్సిజన్ కొలుస్తుంది, మనం పెట్టిన అంకె కంటే తగ్గితే పెట్టె ఫ్యాన్లు వేస్తుంది. రొయ్య పెరిగేకొద్దీ ఆ అంకె పెంచుకుంటూ పోవాలి. చిన్న రొయ్యకి మూడు సరిపోతే, పట్టుబడికి, అంటే పట్టి అమ్మే దశకి, వచ్చిన రొయ్యకి నాలుగున్నర పెట్టాలి.

మరి అంకె మార్చడం ఎట్లా? పెట్టెకి తెర లేదు, బటన్లు లేవు. సముద్రం పక్క ఉప్పుగాలికి బటన్లు ఆరు నెలలు బతకవు. అడుగున రబ్బరు మూత తీస్తే యూఎస్‌బీ సందు కనిపిస్తుంది. తీగతో ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అది పెన్‌డ్రైవులాగా తెరుచుకోదు, నేనొక నెట్‌వర్క్‌ని అని పరిచయం చేసుకుంటుంది. తనకొక చిరునామా పెట్టుకుని, ల్యాప్‌టాప్‌కి పక్క చిరునామా తానే ఇస్తుంది. ఇక బ్రౌజరు తెరిచి, పైన నూట తొంభై రెండు చుక్క నూట అరవై ఎనిమిది చుక్క ఏడు చుక్క ఒకటి అని కొడితే పెట్టె లోపలి పేజీ వస్తుంది. చెరువు పేరు, ఆక్సిజన్ అంకె నింపి సేవ్ నొక్కాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోను సిగ్నల్ లేని చెరువుగట్టు మీద కూడా పని జరుగుతుంది. నాకు చాలా నచ్చిన ఏర్పాటు అది. ఇప్పటికీ నచ్చుతుంది.

ఆ రైతు పేరు పెంచలయ్య. ఆయనకి నాలుగు చెరువులు. ఒకటో, రెండో చెరువుల్లో రొయ్య ఇంకా చిన్నది. మూడో, నాలుగో చెరువుల్లో పెద్దది, ఇంకో రెండు వారాలుంటే మంచి కౌంటుకి వస్తుంది. కౌంటు అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని అర్థం. మా టెక్నీషియన్ దయాకర్ వెళ్ళి నాలుగు పెట్టెల్లోనూ అంకెలు మార్చి వచ్చాడు. ఆ తర్వాత మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున మూడో చెరువులో రొయ్య పైకి తేలి గట్టు పట్టింది. ఊపిరాడక అట్లా వస్తుంది. పెంచలయ్య భార్య సుబ్బరత్నమ్మ చూసి, పెట్టెని పక్కన పెట్టి ఫ్యాన్లన్నీ చేత్తో వేసింది కాబట్టి కొంత చచ్చి మిగతాది బతికింది. దయాకర్ మళ్ళీ వెళ్ళి పుల్ల మార్చాడు, అంకెలు ఇంకోసారి పెట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ తేలింది. మూడో చెరువే. మిగతా మూడింటికీ ఏమీ కాలేదు.

నేను పోయిన పొద్దున కూడా మబ్బుగానే ఉంది. గేటు దగ్గరే పెంచలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిన్న యాడికి పోయినారు మేడం?"

వాకాడు వైపు అని చెప్పాను. అక్కడ ఒక రైతు చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలిన సంగతి ఈయనకి అప్పటికే చేరింది.

"అయితే ఆ కాళ్ళతో లోపలికి రావద్దు. ఏమనుకోవద్దు."

అనుకోవడానికి ఏమీ లేదు. రోగం మనిషి చెప్పుకి అంటుకుని కూడా వస్తుంది. ఆ ప్రాంతంలో కొందరు రైతులు బయటివాళ్ళ కాళ్ళు బ్లీచింగు నీళ్ళలో ముంచి పంపుతారు. పెంచలయ్య అసలే పంపడు. దయాకర్‌ని కూడా ఏనాడూ గట్టు ఎక్కనివ్వలేదట. నన్ను గేటు పక్క మేత కొట్టంలో బల్ల ముందు కూర్చోబెట్టాడు.

అక్కడే అసలు సంగతి చెప్పాడు. సాయంత్రానికి పట్టుబడి వ్యాను రమ్మన్నాడు. మూడో చెరువు మొత్తం ఈ రోజే పట్టేస్తాడు. రెండు వారాలు ఆగితే వచ్చే సైజు రాదు, డిసెంబరు నుంచి చేసిన చాకిరీలో సగం నీళ్ళపాలు. ఆగితే మాత్రం, ఇంకో తెల్లవారుజామున మొత్తం తేలిపోవచ్చు. చేత్తో ఫ్యాన్లు వేసుకుని ఉండొచ్చు కదా అని అడిగాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మనిషి పరిగెత్తి వెయ్యాలి, సుబ్బరత్నమ్మ ఇప్పటికే నిద్ర మానేసింది అన్నాడు.

"పుల్ల మార్చినారు. మళ్ళా పుల్ల మార్చినారు. ఇంక చెరువు మార్చమంటారా?"

వెనక మేత బస్తా మీద కూర్చున్న సుబ్బరత్నమ్మ, "పట్టేస్తే పని అయిపోతాది మేడమ్మా. పడుకొని తీరిగ్గా ఏడవచ్చు," అంది.

వ్యాను వచ్చేలోపల కారణం దొరకాలి. దొరకకపోతే పట్టుకోమని చెప్పడమే న్యాయం.

దయాకర్ నాతోనే వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, చేతిపని శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ రోజు మొహంలో రక్తం లేదు. క్రితంసారి ఎట్లా చేశావో ఇప్పుడూ అచ్చం అట్లాగే చెయ్యి, నేను మాట్లాడను అన్నాను. మాట్లాడకుండా ఉండటం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు కదా. నవ్వకు, రాయి.

గట్టు ఎక్కనివ్వరు కాబట్టి పెట్టెలే గేటు దగ్గరికి వస్తాయి. సుబ్బరత్నమ్మ నాలుగూ విప్పి, బ్లీచింగు నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచి, చేపల ట్రేలో పెట్టి తెచ్చింది. పెట్టె విప్పిన చెరువు మీద కాపలా ఉండదు కదా, అందుకని పెంచలయ్య పక్కన నిలబడి త్వరగా కానీయండి అంటూనే ఉంటాడు. ఆ తొందర తట్టుకోవడానికి దయాకర్ ఒక హబ్ కొనుక్కున్నాడు, ఒక సందుని నాలుగు చేసేది. నాలుగు పెట్టెలూ వరసగా తగిలించాడు. బ్రౌజరులో చిరునామా కొట్టాడు. పేజీ వచ్చింది. చెరువు ఒకటి అని పేరు, దాని అంకె, సేవ్. సేవ్ అయింది అంది పేజీ. ఒకటి సేవ్ అయితే పేజీ తర్వాతి పెట్టెకి పోతుందని అతని లెక్క, కనిపించిన పేరు తుడిచి రెండు అని కొట్టాడు. తర్వాత మూడు, నాలుగున్నర, సేవ్.

అక్కడ ఆపమన్నాను. తెర మీద చెరువు మూడు అని, కింద నాలుగున్నర అని స్పష్టంగా ఉంది. నేను హబ్ నుంచి మూడో పెట్టె తీగ పీకి, పేజీని మళ్ళీ తెరవమన్నాను.

తెరిచాడు. చెరువు మూడు పేజీ, మూడో పెట్టె లేకుండానే చక్కగా వచ్చింది.

నేను ఒకటో పెట్టె తీగ పీకాను. మళ్ళీ తెరిస్తే పేజీ ఉంది. రెండో దాన్ని పీకాను. ఉంది. నాలుగో దాన్ని పీకితే పోయింది.

ఫ్యాక్టరీలో ప్రతి పెట్టెకీ ఒకే చిరునామా పెట్టి పంపుతారు. ఒక ల్యాప్‌టాప్‌కి ఒక పెట్టె తగిలిస్తారని వాళ్ళ లెక్క. గట్టు మీద తిరిగే టెక్నీషియన్ అట్లాగే తగిలిస్తాడు కూడా. ఒకే ఇంటి నెంబరుతో నాలుగిళ్ళు ఉన్న వీధిలో పోస్టు మనిషి ఏం చేస్తాడు? దారిలో మొదట తగిలిన ఇంట్లో వేసి పోతాడు. ల్యాప్‌టాప్ కూడా అదే చేసింది. నాలుగు చెరువుల అంకెలూ నాలుగో పెట్టెకే చేరాయి. క్రితం రెండుసార్లూ దయాకర్ చివరగా పెట్టింది నాలుగో చెరువు అంకె కాబట్టి దానికి సరైనదే మిగిలింది. ఒకటి, రెండులో చిన్న రొయ్యకి పాత అంకె చాలింది. మూడో పెట్టె మాత్రం పెద్ద రొయ్యని పెట్టుకుని, పిల్ల రొయ్య నాటి మూడు దగ్గరే కూర్చుంది. పేజీలో పేరు మనమే కొట్టేది కాబట్టి, ఏ పేరు కొడితే ఆ పేరే తిరిగి చూపించింది.

మూడో పెట్టెని ఒక్కదాన్నే తగిలించి చూస్తే అంకె మూడే. దయాకర్ కళ్ళు మూసుకున్నాడు. సంతాపానికి టైము లేదు, అంకె మార్చు అన్నాను. ఒక్కో పెట్టెనే తగిలించి, సేవ్ చేసి, తీగ పీకి, మళ్ళీ తగిలించి, పేజీలో ఏముందో పైకి చదవమన్నాను. నాలుగూ అయ్యాయి.

పెంచలయ్య అంతా చూశాడు.

"మీరు చదివేది కంప్యూటర్లో కదా. అప్పుడూ కంప్యూటర్లో సరిగ్గానే ఉండె. నేనెట్టా నమ్మేది?"

అడగాల్సిన మాటే అడిగాడు. పుల్లని పరీక్షించడానికి ఆక్సిజన్ లేని ద్రావణం మా దగ్గర ఉంటుంది, కానీ అందులో పాత అంకెకైనా ఫ్యాన్లు తిరుగుతాయి. కాచి చల్లార్చిన నీళ్ళున్నాయా అని అడిగాను. కాస్తే నీళ్ళలో ఆక్సిజన్ చాలావరకు పోతుంది, కదపకుండా చల్లారిస్తే కొంతే తిరిగి వస్తుంది. సుబ్బరత్నమ్మ తాగడానికి కాచి మూత పెట్టిన బిందె తెచ్చింది. పుల్ల దించితే పేజీలో కొలత నాలుగు అంది; పెట్టెలో అంకె ఇంకా మూడే అయితే ఈ నీళ్ళకి ఫ్యాన్లు తిరగవు. మూడో పెట్టెనీ బిందెనీ తనే తీసుకుపోయింది. బిందె వంచవద్దు, పుల్లనే బిందెలోకి దించు అని మాత్రం చెప్పాను.

ముందు ఫ్యాన్ల స్విచ్చిని ఆటో మీదకి మార్చింది. పుల్ల ఇంకా గాలిలోనే ఉంది కాబట్టి అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పెంచలయ్య జేబులోంచి ఫోను తీసి, చూడకుండా చేతిలో పట్టుకున్నాడు. పెట్టె కొలిచి తేల్చుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఆ కాస్త పొడుగ్గానే ఉంది. తర్వాత దూరంగా ఒక చక్రం నీళ్ళని కొట్టిన చప్పుడు, దాని వెంట రెండోది, మూడోది. పుల్ల తీసి చెరువులో వేస్తే, కాసేపటికి మళ్ళీ ఆగాయి.

బిందె పట్టుకుని తిరిగొచ్చిన సుబ్బరత్నమ్మ భర్తతో, "ఇది మాట వింటాండాది. ఉంచు," అంది.

ఆయన వ్యాను మనిషికి ఫోను చేసి, "ఇయ్యాల పట్టడం లేదబ్బా, వేరే పక్కకి పో," అన్నాడు. పెట్టేశాక నా వైపు తిరిగి, మళ్ళీ తేలితే మిమ్మల్నే చెరువులోకి దించుతాను అన్నాడు.

"ఆ కాళ్ళతో వద్దులే," అంది ఆమె.

మళ్ళీ తేలలేదు. అనుకున్న కౌంటుకి పట్టారని దయాకర్ వచ్చి చెప్పాడు. మూడో చెరువుని నేను ఈ రోజు వరకూ చూడలేదు.

ఆఫీసులో రిపోర్టు ఇచ్చాను. పుల్లలో లోపం లేదు, టెక్నీషియన్ అజాగ్రత్త కాదు, రైతు గట్టు ఎక్కనివ్వకపోవడం తప్పు కాదు, నాలుగు పెట్టెలూ ఒకేసారి తగిలించే పరిస్థితి వస్తుందని పెట్టె తయారుచేసినవాళ్ళు ఊహించలేదు అని రాశాను. తయారీదార్ల నుంచి, ఒకసారికి ఒక పెట్టెనే తగిలించాలని పుస్తకంలో ఉందని జవాబు వచ్చింది. చూశాను, ఉంది, చివరి పేజీలో. తర్వాత వచ్చిన పెట్టెలకి దేని చిరునామా దానికే ఇచ్చారు, ఎవరి మాట మీద ఇచ్చారో చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇది. సేవ్ అయింది అని తెర చెప్పినప్పుడు, మాట ఎవరికో ఒకరికి అందిందని మాత్రమే అర్థం. ఎవరికి అందిందో తెలియాలంటే తీగ పీకి చూడాలి.