పందికొక్కు గుంత దగ్గర నా తీర్పు

మూడేళ్ల క్రితం నవంబరులో, నగర శివార్లలోని గోల్ఫ్ కోర్సులో జరిగిన అంతర్జాతీయ జూనియర్ అమెచ్యూర్ టోర్నమెంటుకు నన్ను రెఫరీగా వేశారు. రెండో రోజు ఆటలో ఒక పదహారేళ్ల అమ్మాయికి తప్పు తీర్పు ఇచ్చాను. సరిగ్గా చెప్పాలంటే, ఆ తప్పుకు ముందురోజు సాయంత్రం డ్యూటీ ఒప్పుకున్నప్పుడే పునాది పడింది.

ముగ్గురు ఆటగాళ్ల గ్రూపు వెంట ఆట పూర్తయ్యేదాకా ఒకే రెఫరీ నడుస్తాడు. ఆ ముగ్గురిలో తెలిసినవాళ్లుంటే చీఫ్ రెఫరీకి చెప్పాలి. ఆయన కారణం అడక్కుండా గ్రూపు మారుస్తాడు. ఇందులో నామోషీ ఏమీ లేదు, మా వృత్తిలో అది మామూలు సంగతి.

నేను చెప్పలేదు. నాకు వేసిన గ్రూపులో ఆ అమ్మాయి, శ్రావ్య, ఉంది. వాళ్ల నాన్న శ్రీనివాస్ సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో టైలర్ షాపు పెట్టుకున్నాడు. క్లబ్బు సిబ్బందికి యూనిఫారాలు కుట్టేవాడు. కొలతలకు వస్తూ కూతుర్ని వెంట తెచ్చేవాడు, ఆ పిల్ల అక్కడే స్టిక్ పట్టింది. నా ప్యాంట్లూ ఎన్నో ఏళ్లుగా ఆయనే కుట్టేవాడు. ప్రాక్టీసులో శ్రావ్య స్వింగ్ చూశాను. చేతులు పైకి వెళ్లాక ఏదో వింటున్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు దిగేది. ఆ స్వింగును పోటీలో, దగ్గర్నుంచి చూడాలని నాకు కోరిక.

పొద్దున ఆట మొదలుపెట్టే టీ గడ్డి దగ్గర, చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల నుంచి శ్రీనివాస్ గట్టిగా పలకరించాడు: "నమస్తే సార్! ప్యాంటు నడుము కాడ మంచిగ కూసుందా?"

పక్కనే ఉన్న, అదే గ్రూపులో ఆడే మలేషియా అమ్మాయి కోచ్‌కు తెలుగు రాకపోయినా ఆ చనువు అర్థమైంది. బంధువులా అని నవ్వుతూ అడిగాడు. కాదని నేనూ నవ్వాను. ఆ క్షణం నుంచి బిగుసుకుపోయాను.

ఏడో హోల్‌లో శ్రావ్య బంతి ఒక పొద పక్క గుంతలో పడింది. జంతువు తవ్విన గుంత అయితే జరిమానా లేకుండా బంతి తీసి పక్కన డ్రాప్ చేసుకోవచ్చు. వానకు కోసుకుపోయిన గుంత అయితే ఉన్నచోటి నుంచే ఆడాలి.

"సార్, గిది పందికొక్కు తోడిన గుంత. జర వంగి చూడుండ్రి" అంది.

నేను వంగలేదు. కోచ్ తాడు దగ్గరే నిలబడి ఉన్నాడు. వాన కోత అని తీర్పు చెప్పాను.

"ఇంకో రెఫరీని పిలుస్తరా సార్?"

పిలవాలా వద్దా అన్నది మా ఇష్టం. కానీ జూనియర్లు అడిగితే కాదనకపోవడం మా ఆనవాయితీ. అవసరం లేదన్నాను.

ఆ గుంతలోంచి బంతిని పక్కకి తీయడానికే ఆమెకు ఒక షాట్ వృథా అయింది. సాయంత్రం కట్ ప్రకటించారు. అంటే చివరి రోజు ఎవరు ఆడాలో తేల్చారు. శ్రావ్య ఒక్క షాట్ తేడాతో ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆ పొద దగ్గరికి వెళ్లాను. గుంత అంచున రాత్రి తవ్విపోసిన కొత్త మట్టి ఉంది. నా అడుగుల చప్పుడుకు పందికొక్కు ఒకటి గుంతలోకి దూరింది.

రెఫరీలందరి ముందు జరిగింది చెప్పాను. ముగిసిన రౌండు ఫలితం మారదు. చీఫ్ రెఫరీ ఒక్కమాటే అన్నారు: "ఇది మీరు మొన్న సాయంత్రం చెప్పాల్సిందండీ."

ఆ సాయంత్రం పంజాగుట్టలోని మా ఇంటి నుంచి అమీర్‌పేటకు నడిచి వెళ్లాను. శ్రీనివాస్ టేపు మెడలో వేసుకుని అంతా విన్నాడు. "అంటే, మేము మీకు తెల్వనోళ్లమైతే డ్రాప్ ఇచ్చెటోళ్లే గద సార్?" అన్నాడు.

ఇచ్చేవాణ్ణే అన్నాను.

శ్రావ్య కాజాలు కుడుతోంది. "పందికొక్కును సాక్ష్యానికి పిలవాల్సిండె నాన్నా" అని నవ్వింది. నావైపు మాత్రం చూడలేదు.

మరుసటేడు ఆమె మళ్లీ ఆడింది. నా ఉద్యోగంలో అదే చివరి టోర్నమెంటు. ఆ అమ్మాయి నాకు తెలుసని ముందే చెప్పాను. నన్ను కోర్సు అవతలి కొసన ఆడే గ్రూపుకు వేశారు. చెట్ల వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఏ షాట్‌కో తెలియలేదు. ఆ స్వింగును పోటీలో తనివితీరా చూసే భాగ్యం నాకు మళ్లీ దొరకలేదు. ఇప్పుడు బాల్కనీలో కూర్చుంటే మెట్రో రైళ్లు కనిపిస్తాయి. తడి గడ్డి వాసన కోసం ప్రాణం లాగుతుంది.

చూడాలన్న కోరిక రెఫరీకి అర్హత కాదు. పక్షపాతం లేదని నిరూపించుకోవడానికి ఇచ్చే తీర్పు కూడా పక్షపాతమే. నేను నేర్చుకున్నది ఇంతే.

ఆదివారాలు క్లబ్బులో జూనియర్లకు నియమాలు చెబుతున్నాను. మొదటి పాఠంలో కావాలనే ఒక తప్పు తీర్పు ఇస్తాను. ఎవరో ఒకరు ఇంకో రెఫరీని పిలవమని గట్టిగా అడిగేదాకా పాఠం ముందుకు సాగనివ్వను.