బ్రేక్‌అవేలో ఒక్క మాట

బ్రేక్‌అవే అనే మాటకి అర్థం నాకు డ్యాన్సు హాల్లోనే తెలిసింది. నాలుగో తరగతితో ఆగినవాణ్ణి, సరిగ్గా చెప్పగలనో లేదో. జాజ్ పాటకి ఆడా మగా చేతులు పట్టుకుని ఆడుతుంటారు. మధ్యలో బ్యాండు వాళ్లలో ఒకడు "బ్రేక్‌అవే" అని కేకేస్తాడు. అప్పుడు ఇద్దరూ చేతులు వదిలేసి ఎవరికి వారు విడిగా ఆడాలి. కాసేపటికి మళ్లీ వచ్చి చేతులు కలపాలి. మళ్లీ కలుస్తామని తెలుసు కాబట్టి నవ్వుతూనే వదులుతారు.

అప్పటికి నేను బాగన్ దాతుక్ కొబ్బరి తోట వదిలి కౌలాలంపూర్ వచ్చి ఏడాది అయింది. ఆదివారం మధ్యాహ్నం డ్యాన్సు మొదలయ్యే ముందు, జోళ్లు జారడానికి నేల మీద తెల్ల పొడి చల్లడం నా పని. ఆట సాగుతుండగా కూడా పొడి డబ్బాతో గోడ పక్కన నిలబడాలి. పనివాళ్లలో చీనావాళ్లు, మలాయివాళ్లు, అరవవాళ్లు ఉన్నారు. తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. గదిలో వండుకుంటూ "అన్నం ఉడికిందా" అని నేనే అడిగి, "ఉడికింది" అని నేనే చెప్పుకునేవాణ్ణి.

టిక్కెట్టు కొన్నవాళ్లతో ఆడే అమ్మాయిల్లో ఒకామె, తనది రంగూన్ అని అందరికీ చెప్పింది. ఒక ఆదివారం బ్రేక్‌అవేలో ఆడుతూ నా గోడ దాకా వచ్చి, నా వైపు చూడకుండా, "పొడి ఏటి ఇంత సల్లినావు, జారిపోతాను" అని వెళ్లిపోయింది. నేను నాలో నేను గొణుక్కోవడం విని ఉంటుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అలాగే, ఒక బ్రేక్‌అవేకి ఒక్క మాట. ఏం కూర వండుకున్నావని ఒక పాటలో అడిగేది. వంకాయ అని నేను చెబితే, ఎండు చేప వెయ్యలేదా అని తర్వాతి పాటలో అనేది. అంతసేపూ ఆ జవాబు కోసం చూసేవాణ్ణి. ఒకసారి మాత్రం నవ్వకుండా చెప్పింది.

"నేను తోట పిల్లనని ఎవరికీ తెలీకూడదు. మా అయ్యకి తెలిస్తే ఈడ్సుకుపోతాడు."

తల ఊపాను.

కొన్ని పాటల్లో బ్రేక్‌అవే దగ్గర వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అడుగుల చప్పుడే వినిపిస్తుంది. ఒక ఆదివారం అలా ఆగినప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. పొడి ఎగిరి తుమ్మింది. మా ఇళ్లలో ఎవరైనా తుమ్మితే దీవించకుండా నోరు ఆగదు. అక్కని మేం అప్ప అనే అంటాం.

"నూరేళ్లు, అప్పా" అన్నాను.

హాలంతా వినిపించింది. ముందు బల్ల దగ్గర టీ తాగుతున్న తెలుగు గుమాస్తా, ఏదో తోటలో పనిచేసేవాడు, వెనక్కి తిరిగి చూశాడు. ఆమె వెళ్లి జతగాడి చెయ్యి పట్టుకుని పాట పూర్తి చేసింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

గుమాస్తా మాత్రం వచ్చాడు.

"ఏరా, అప్ప అన్నావు కదా. ఏ తోట పిల్లరా అది?"

"తెలీదండి."

"మీ వోళ్లని మీరు బాగానే కాసుకుంటారు" అని వెటకారంగా నవ్వి వెళ్లాడు.

నిజంగానే నాకు తెలీదు. అన్ని ఆదివారాలూ కూరల గురించే మాట్లాడాను. ఆమె పేరైనా అడగలేదు.