పోటు తప్పిన ఓడ

నౌకాదళంలో కెప్టెన్ హోదా వచ్చాక ఒక యుద్ధనౌకను స్వయంగా నడపాలి. నడపనివాడికి పై మెట్టు లేదు. ఎంత చదివినా, ఎన్ని పతకాలు తగిలించుకున్నా అక్కడే ఆగిపోతాడు. నాకా అవకాశం కలకత్తాలో రాసిపెట్టారు. హుగ్లీ ఒడ్డున ఒక యార్డులో కడుతున్న ఓడకు నన్ను కాబోయే కెప్టెన్‌గా వేశారు. వెళ్ళి చూస్తే దానికింకా ఇంజన్లే ఎక్కలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఎప్పుడవుతుందని అడిగితే యార్డు మేనేజరు చల్లగా "హోబే, హోబే" అనేవాడు. అవుతుంది, అవుతుంది అని. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఒకరోజు కరెంటు లేదు, ఒకరోజు వెల్డింగు రాడ్లు లేవు, ఇంకోరోజు యూనియన్‌వాళ్ళ గేటు మీటింగు. సాల్ట్ లేక్ ఇంటినుంచి పొద్దున్నే తెల్ల యూనిఫారం వేసుకుని బయల్దేరితే దారిలో ఊరేగింపు. జెండాలన్నీ పోయేదాకా కారులో చెమటలు కక్కుతూ కూర్చోవాలి. "ఓడ లేని కెప్టెన్‌గారూ, టిఫిను చల్లారిపోతోంది" అని మా ఆవిడ ఆటపట్టించేది. మొదట్లో నవ్వేవాణ్ణి. రానురాను పళ్ళెం తోసేసి లేచిపోయేవాణ్ణి.

చివరికి ఓడ సముద్ర పరీక్షలకు సిద్ధమైంది. అంత పెద్ద ఓడ యార్డు దాటి నదిలోకి దిగాలంటే అమావాస్యకో పున్నమికో వచ్చే పెద్ద పోటే గతి. సరిగ్గా ఆ అమావాస్యనాడే బంద్ అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. బంద్‌నాడు యార్డులో పుల్ల కూడా కదలదు. నేనూరుకోలేదు. ఓడకోసం వచ్చి గోళ్ళు గిల్లుకుంటున్న నా నావికుల్ని జెట్టీకి తీసుకెళ్ళి తాళ్ళు విప్పమన్నాను.

ఎవరూ పనిలోకి దిగకుండా కాపలాగా తాళ్ళ ముఠా సర్దారు అక్కడే కూర్చున్నాడు. శ్రీకాకుళంవాడు. తండ్రి నాటినుంచీ ఆ యార్డులోనే పని.

"ఆ తాడు ముట్టుకోకండి బాబూ. ఓడ మీకప్పగించీదాకా అది మా పని."

"మీరు చెయ్యరు, చేసేవాళ్ళని చెయ్యనివ్వరు. ఏం మనుషులయ్యా మీరు?"

"ఒకపాలి మీవోళ్ళు ఇప్పినారంటే, ఇంక మేవెందుకని యార్డోళ్ళు మమ్మల్ని పంపీస్తారు. మా కూడేటవుతాది?"

నేను సైగ చేశాను. ఒక నావికుడు తాడుమీద చెయ్యి వేశాడు. అంతే, ముఠా మొత్తం ఎక్కడినుంచి వచ్చిందో, నన్ను చుట్టేసింది. "చోల్‌బే నా!" అని, సాగదు సాగదని ఒకటే అరుపులు. వాళ్ళు నన్ను వదిలేసరికి పోటు తీసి జెట్టీ పక్కన బురద తేలింది. మర్నాటినుంచి సమ్మె. అది తెమిలేలోపు ఎన్ని పున్నములు, ఎన్ని అమావాస్యలు పోయాయో!

పని మొదలైన వారంలోనే ఢిల్లీనుంచి ఆర్డరొచ్చింది. ఓడ నడపడానికి నాకిచ్చిన గడువు ముగిసింది. ఓడ నాకంటే చిన్నవాడికి, నాకొక ఆఫీసు గది. ఇక ఈ హోదాలోనే రిటైరవుతానని అది చదివినప్పుడే అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడవలేక, ఏ పాపం ఎరగని డ్రైవరుమీద విరుచుకుపడ్డాను.

ఓడ బయల్దేరాల్సిన నాడు మళ్ళీ బందే. కదలదులే అనుకుంటూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే, కదలకూడదనే కోరుకున్నాను. తీరా చూస్తే ముఠా అంతా తాళ్ళ దగ్గరుంది. నన్ను చూడగానే సర్దారు ముఖం చేటంత చేసుకుని వచ్చాడు.

"రాత్రి మేవంతా యార్డులోనే పడుకున్నాం బాబూ. బందునాడు గేటు దాటి పనిలోకి రాకూడదు గానీ, ముందునాడే లోపలుండిపోతే తప్పునేదు. ఆ దినం మీరు మాకో మాట సెప్పుంటే అలాగే సేసీవోళ్ళం. మీరు నావికుల్ని తెచ్చినారు, మాకు పంతమొచ్చింది. ఈపాలి మీ ఓడ ఆగకూడదని మేవే అనుకున్నాం."

ఆ ముక్క ఆనాడే చెప్పి ఏడవొచ్చుగా అని అరవబోయాను. అంతలో ఆఖరి తాడు నీళ్ళలో పడింది. పైనుంచి కొత్త కెప్టెన్ నాకు సెల్యూట్ చేశాడు. నేనూ చేశాను.

"ఏటి బాబూ, మీరెక్కనేదేటి?" అన్నాడు సర్దారు.