వసారా స్తంభానికి బిగించిన ఇనుప చెయ్యి

మొన్న తమ్ముడు మా పాత ఇల్లు పడగొట్టించి, అటక మీద దొరికిందని ఒక గోనెసంచి మూట తెచ్చి నా ముందు పెట్టాడు. ముడి విప్పగానే తుప్పు వాసన, దాని కింద ఎప్పటిదో ఆముదం వాసన. చూడకముందే తెలిసిపోయింది, అది చిన్నాయన ఇనుప చెయ్యి.

మైదుకూరు దగ్గర మా ఊళ్లో అన్నీ నేతగాళ్ల ఇళ్లే. తెల్లవారితే మగ్గాల చప్పుడు, వీధి పొడుగునా చాచిన పడుగులకు పూసిన గంజి పులుపు వాసన, ఎండాకాలం అరికాళ్లు కాలి నీడ నుంచి నీడకు గెంతే పిల్లలం, వసారాలో మేము గచ్చకాయలాడుకుంటుంటే పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే అమ్మ, పీర్ల పండగకు సాయిబుల ఇంటి నుంచి వచ్చే మలీద ముద్దల్లో బెల్లమూ నెయ్యీ కలిసిన ఆ కమ్మదనం, ఇప్పుడు తలుచుకుంటే ఇవన్నీ ఒకే రోజు జరిగినట్టుంటాయి. యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. నా మొండి మనసు వాటిని పక్కకు నెట్టేస్తుంది.

మా నాయన తమ్ముడు, అంటే చిన్నాయన, కడపలో ఫోటోలు తీసే షాపులో పనిచేసేవాడు. ఆయనకు ఆ పిచ్చి అంతా ఇంతా కాదు. చేత్తో పట్టుకుంటే కెమెరా అదురుతుందని, కమ్మరి చేత రెండు కీళ్ల ఇనుప చెయ్యి చేయించుకున్నాడు. ఒక కొసన స్తంభానికి బిగించే పట్టు, ఇంకో కొసన కెమెరా కూర్చునే పలక. కీలు దగ్గర మర వదులు చేస్తే ఎటు కావాలంటే అటు వంగేది, బిగిస్తే ఇసుమంతైనా కదిలేది కాదు. ఆయన కీళ్లకు ఆముదం రాసి తుడుస్తూ కూర్చుంటే మా అవ్వ, "పెండ్లి చేసుకోరా అంటే ఇనుముకు తలంటుతాండాడు" అని ఎగతాళి చేసేది.

ఒక ఏడు పీర్ల పండగకు చిన్నాయన వచ్చి దాన్ని వసారా స్తంభానికి బిగించి, "వొదినా, ఈ తూరి నీ ఫోటో తీస్తాండా" అన్నాడు. అమ్మ అప్పుడు నిండు కడుపుతో ఉంది. అవ్వ ఒప్పుకోలేదు.

"ఒద్దప్పా! కడుపుతో ఉండే మనిషి మొగాన్ని ఆ పెట్టెలోకి పట్టినావంటే ఆయుస్సు తగ్గుతాది."

మా ఇళ్లలో అది గట్టి నమ్మకం. చిన్నాయన ముఖం చిన్నబోవడం చూసి అమ్మే నవ్వింది. "మొగం ఒద్దులేప్పా, చేతులు తీసుకో. చేతులకేమైతాది?"

చిన్నాయన మర వదులు చేసి, ఇనుప చేతిని కిందికి వంచి, కెమెరాను రాట్నం మీదికి దించి బిగించాడు. "బిడ్డ పుట్టినాంక ఇద్దరి మొగాలూ కలిపి తీస్తాలే" అన్నాడు. కదలొద్దంటే అమ్మ వింటేనా! ఆ ఫోటోలో దారం పట్టుకున్న ఎడమ చెయ్యి మణికట్టు మీది పచ్చబొట్టుతో సహా కనిపిస్తుంది, రాట్నం తిప్పే కుడి చెయ్యి మాత్రం పొగలా ఉంటుంది. మళ్లీ రావాలి గదా అని ఇనుప చేతిని విప్పకుండానే చిన్నాయన కడపకు వెళ్లిపోయాడు.

తమ్ముడు పుట్టిన రోజే అమ్మ పోయింది. కబురంది చిన్నాయన వచ్చేసరికి ఆ చెయ్యి స్తంభానికి అదే వంపులో ఉంది. "ఇప్పుడన్నా మొగం తియ్‌రా, రేపు బిడ్డ చూసుకుంటాడు" అని నాయన బతిమాలాడు. అవ్వ కూడా అడ్డం చెప్పలేదు. చిన్నాయన మర మీద వేళ్లు పెట్టి, అమ్మను పడుకోబెట్టిన చాప వైపు చూసి, "ఇది మా వొదిన మొగం కాదన్నా" అని అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ మరను ఆయన మళ్లీ ముట్టుకోలేదు. తర్వాత నాయనే ఆ చేతిని అదే వంపుతో స్తంభం నుంచి విప్పి అటకెక్కించాడు.

మాట వచ్చినప్పటి నుంచీ తమ్ముడు నన్ను ఒకటే అడుగుతూ వచ్చాడు, అమ్మ ఎట్లుండేదని. కోల ముఖమని, నవ్వితే ఎడమ బుగ్గ సొట్టపడేదని చెబుతూ వచ్చాను. వాడు ప్రతిసారీ కొత్తగా వినేవాడు.

ఇప్పుడు మగ్గం గుంటలు పూడిపోయాయి, ఆ వీధిలో గంజి వాసన లేదు, వసారా కూడా లేదు. అవ్వ, నాయన, చిన్నాయన ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. అమ్మను చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. తమ్ముడు మరను గట్టిగా తిప్పి చూశాడు. తుప్పు పట్టి, కిందికి వంగిన ఆ చెయ్యి కదల్లేదు.

"ఆ పొద్దు రవంత పైకెత్తింటే సాలు గదక్కా, మొగం పడుండేది" అన్నాడు. తల నెరిసినవాడు, మళ్లీ చిన్నప్పటిలాగే అడిగాడు. "అమ్మ ఎట్లుండేదక్కా?"

చెబుదామని కళ్లు మూసుకున్నాను. సొట్టపడేది ఎడమ బుగ్గో కుడి బుగ్గో ఎంతకీ తోచలేదు. రాట్నం ముందు రెండు చేతులు కనిపించాయి, అంతే.