కరెంటు లేని రెండు రోజుల్లో మూడు పందేలు

మన వైపు ట్రయథ్లాన్ అన్న మాట ఎవరి నోటా పుట్టకముందే, ఒక్క శని ఆదివారాల్లో మూడు ట్రయథ్లాన్‌లు చేసినవాణ్ణి నేను. చిన్నది, నడిమిది, పెద్దది. అదీ నిక్కరు మీద, కిరాయి సైకిలు మీద, చెప్పుల్లేని కాళ్లతో. మొదటిదాంట్లో బావిలో నూరు చుట్లు ఈదాను. రెండోదాంట్లో జహీరాబాద్ దాకా తొక్కి వచ్చాను. మూడోదాంట్లో చెరువును అడ్డంగా దాటి, అవతలి గట్టు తాకి, ఊపిరి కూడా పీల్చుకోకుండా వెనక్కి వచ్చాను.

ఇప్పుడు కందిలోని కాలేజీ క్యాంపస్ పిల్లలు ఒంటికి అతుక్కున్న బట్టలేసుకుని, తలమీద పుచ్చకాయ చిప్పల్లాంటి టోపీలు పెట్టుకుని హైవే మీద సైకిళ్లు తొక్కుతుంటారు. ఒకరోజు టీ కొట్టు దగ్గర ఒక పిల్లవాణ్ణి ఆపి ఏమిటీ వేషమని అడిగాను. ఈదడం, సైకిలు తొక్కడం, పరుగెత్తడం వరసపెట్టి చేస్తే ట్రయథ్లాన్ అంటారని చెప్పాడు.

"గింతేనా? గది నేను ఎప్పుడో చేసిన. ఒక్కటి గాదు, మూడు," అన్నాను.

"టైమింగ్ ఎంత తాతా?"

"మా దిక్కు గడియారం పెట్టి ఉరుకుడు లేదు బిడ్డా. బువ్వ కోసం ఉరుకుడే."

వాడు నవ్వి వెళ్లిపోయాడు. నేనూ నవ్వాను కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పైన చెప్పినదాంట్లో సాగదీసినవి ఉన్నాయి. వాటి దగ్గరికి వస్తాను, తొందరేముంది.

మా పొలం ఫ్యాక్టరీ ప్రహరీ లోపలికి పోయింది. పటాన్‌చెరు దాటాక ఆ రోజుల్లో ఎవరి పొలం పోలేదు గనక! పొలం పోయిన ఇంటికి ఒక నౌకరీ అన్నారు. ఇచ్చారు కూడా, కానీ క్యాజువల్. అంటే రోజూ పొద్దున్నే గేటు ముందు నిలబడాలి. పేరు పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. నా భార్య టిఫిను డబ్బా కట్టి పంపి, వాకిలి ఊడ్చే వంకతో సందు చివరికి చూస్తూ ఉండేది. నేను నిండు డబ్బాతో తిరిగి వస్తే ఒక్క మాటా అనేది కాదు. మూత తీసి, ఆ అన్నమే కంచంలో పెట్టేది. తిట్టినా బాగుండేది. పర్మినెంట్ అయితే డబ్బా నిండుగా వెనక్కి రాదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న కోరిక అదొక్కటే.

అప్పుడు మా ఫ్యాక్టరీకి బొంబాయి వైపు నుంచి, నౌకరీల సంగతి చూసే కొత్త పర్సనల్ ఆఫీసర్ వచ్చాడు. ఆటలంటే పిచ్చి. ఒకరోజు గేటు దగ్గర మమ్మల్ని చూసి, "ఇధర్ కిసీకో తైర్నా ఆతా?" అని అడిగాడు. ఈత వచ్చా అని. పేరు పిలవనందుకు కడుపు మండుతూ ఉన్నవాణ్ణి, నోరు ఊరుకుంటుందా?

"సాబ్, ఫ్యాక్టరీ వెనక చెరువుంది గదా. పొద్దుగాల ఒకపాలి, పొద్దుమీకి ఒకపాలి అడ్డం ఈదుత."

చిన్నప్పుడు ఈదిన మాట నిజం. కానీ ఫ్యాక్టరీల నీళ్లు అందులోకి రావడం మొదలయ్యాక, ఆ చెరువులో కాళ్లు కడిగినవాళ్లు కూడా లేరు.

ఆయన కళ్లు మెరిశాయి. ఆటల కోటాలో ఒక పోస్టు ఖాళీగా ఉందన్నాడు. కరెంటు కోత వల్ల శని ఆదివారాలు ఫ్యాక్టరీలన్నీ బంద్. ఆ రెండు రోజుల్లో మూడు పందేలు, ఒకదానికంటే ఒకటి పెద్దవి, ప్రతిదాంట్లో ఈత, సైకిలు, పరుగు. మూడూ పూర్తి చేస్తే, "పక్కా కర్ దూంగా," అని నా భుజం మీద చరిచాడు. పక్కా అంటే పర్మినెంట్.

ఇంటికొచ్చి చెప్పాను. నా భార్య చేట పక్కన పెట్టింది.

"ఆ చెర్ల బర్రెలు గూడ దిగుతలేవు. బర్రెకున్న తెలివి నీకు లేదా?"

"బర్రెను పర్మినెంట్ చేస్తరానే?"

"జెర నవ్వు తగ్గించు. బావిల ఈదితె జాలని చెప్పు ఆయనకు."

చెప్పలేదు. ఎలా చెప్తాను?

శనివారం పొద్దున బావిలో చిన్న పందెం. మా ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క దిగుడు బావి అది. మెట్లు దిగి నీళ్ల అంచున నిలబడ్డాక ఏదో తేడా తోచింది. ఏమిటో వెంటనే తెలియలేదు. కాసేపటికి అర్థమైంది. నీళ్లు కదలడం లేదు. ఆ బావి నీళ్ల మీద ఎప్పుడూ సన్నటి వణుకు ఉండేది. బావి నీళ్లంటే అంతే కాబోలు అనుకునేవాణ్ణి. అది ఫ్యాక్టరీల కంప్రెసర్ల అదురట. అవి ఆగిపోయేసరికి నీళ్లు గాజుపలకలా పరుచుకుని ఉన్నాయి. అందులో నా మొహం ఎంత స్పష్టంగా ఉందంటే, దాని మీదికి దూకడానికి మనసు రాలేదు.

దూకాను. గానుగెద్దులా చుట్లు తిరిగాను. నూరు చుట్లు అన్నాను కదా, అందులో సగం కూడా ఉండవు. ఆఫీసర్ పైన మోటారు గది నీడలో సిగరెట్ ముట్టించుకునేటప్పుడల్లా నేను మోటారు పైపు పట్టుకుని వేలాడాను. సైకిలు, పరుగు అన్నీ ఊరి చుట్టే. అది చిన్నదే కనుక గట్టెక్కింది.

సాయంత్రం నడిమి పందెం, రుద్రారం అవతల ఒక పాత క్వారీ గుంతలో. ఎండ రాళ్ల మీద ఉంది, నీళ్ల మీద లేదు. ఈదుతుంటే నా చేతుల చప్పుడు రాతి గోడకు తగిలి వెనక్కి వచ్చేది. ఎవరో నా వెంట ఈదుతున్నట్టు ఉండేది. అది సహజమే. నేను ఆగాను. వెనక చప్పుడు కూడా ఆగాలి కదా. ఆగలేదు. ఇంకొక్క బార వేసి, అప్పుడు ఆగింది.

వెనక్కి తిరిగి చూడలేదు. ఎంత వేగంగా ఒడ్డుకు వచ్చానంటే, ఆఫీసర్ చప్పట్లు కొట్టాడు.

ఇక జహీరాబాద్ సంగతి. జహీరాబాద్ లేదు, ఏమీ లేదు. సదాశివపేట వైపు కొంత దూరం పోయి తిరిగాను. అదీ ఎత్తు వచ్చినచోట ఇసుక లారీ వెనక గొలుసు పట్టుకున్నాను. వెంట వస్తున్న ఆఫీసర్ స్కూటరు పంక్చరై వెనకబడింది గనక నా పరువు దక్కింది. పరుగులో జొన్న చేనుకు అడ్డం పడి వచ్చాను. ఒళ్లంతా జొన్నాకులు కోసిన గీతలు. ఆఫీసర్ వాటిని చూసి, ఎంత కష్టపడ్డాడో అనుకున్నాడు.

ఇంతవరకూ నేను చేసిన దొంగతనాలు ఇవి. ఇకమీద చెప్పేదాంట్లో గింజంత కల్తీ లేదు. ఆదివారం సంగతి ఎవరికీ, నా భార్యకు కూడా, ఇంతకాలం పూర్తిగా చెప్పలేదు.

ఆదివారం పొద్దు బాగా ఎక్కాక చెరువు గట్టుకు చేరాం. ఆఫీసర్, నేను, వద్దన్నా వెంట వచ్చిన నా భార్య. అంచంతా తెల్లటి పొక్కు కట్టి ఉంది. గడ్డి మాడిపోయింది. నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. కొంగ లేదు, కప్ప లేదు, చివరికి దోమ కూడా లేదు. ముక్కు లోపల దవాఖాన వాసన, దాని కింద కుళ్లిన గుడ్ల వాసన. ఆఫీసర్ రుమాలు ముక్కుకు పెట్టుకుని, "కర్ సక్తే హో నా?" అన్నాడు, ఈదగలవా అని. నేను నా భార్య మొహం చూడకుండా దిగాను.

నీళ్లు మెడ దగ్గర గోరువెచ్చగా, కాళ్ల దగ్గర ఇంకా వేడిగా ఉన్నాయి. చెరువు నీళ్లు అడుగున చల్లగా ఉండాలి కదా. నాలుగు బారలకే కళ్లు మండాయి. తర్వాత మంట పోయింది. సూర్యుడి చుట్టూ పసుపు, ఆకుపచ్చ వలయాలు కనపడ్డాయి. చప్పుడు లేదు. నా చేతులు నీటిని కొడుతున్నాయి కానీ ఆ చప్పుడు కూడా నాకు అందలేదు.

అప్పుడు సైరన్ మోగింది.

మా ఫ్యాక్టరీల బెల్టులో బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు. సైరన్ మోగితే ఆలోచన కంటే ముందు కాళ్లు కదులుతాయి. కరెంటు లేదు, షిఫ్టు లేదు, ఆదివారం. అయినా నా చేతులు అటు తిరిగాయి. ఆ చప్పుడు వైపే ఈదాను. అది ఎంతసేపు మోగిందో తెలియదు. ఆగేసరికి నేను ఒడ్డున ఉన్నాను. గట్టు మీద ఎవరూ లేరు. నా కిరాయి సైకిలు మాత్రం స్టాండు వేసి ఉంది. ఎవరూ లేరేమిటని కూడా నాకు అనిపించలేదు. ఎక్కి తొక్కాను.

ఇండస్ట్రియల్ ఏరియా రోడ్లు ఎంత ఖాళీగా ఉన్నాయంటే, నా సైకిలు చైను చప్పుడు ప్రతి ప్రహరీకీ తగిలి వినిపించింది. చిమ్నీల్లో పొగ లేదు. కాసేపటికి సైకిలు వదిలి పరుగు అందుకున్నాను. మొదటి గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండా అన్నాడు:

"జల్దీ పో. నీ ముంగట ఒకాయన పోయిండు. ఇంక తడి గూడ ఆరలే."

పందెంలో ఉన్నది నేనొక్కణ్ణే. ముందు ఎవరు పోతారు? రెండో గేటు దగ్గర ఇంకో వాచ్‌మన్. అదే మాట, అదే గొంతు. మూడో గేటు దగ్గరా అంతే. కిందికి చూశాను. మిట్టమధ్యాహ్నం, తారు మెత్తబడే ఎండ. దాని మీద తడి అడుగులు. ఆరడం లేదు. నా ఎడమ కాలికి చిటికెన వేలు లేదు, చిన్నప్పుడు గడ్డపార పడి పోయింది. ఆ ఎడమ అడుగుల్లోనూ ఆ వేలు లేదు.

అలా మా ఫ్యాక్టరీ గేటుకు వచ్చాను. క్యాజువల్ లైను నిలబడి ఉంది. అందరి వీపులూ నా వైపే. లోపలి నుంచి నా పేరు పిలిచారు. నేను నోరు తెరిచేలోపే, లైనులో ముందున్నవాడు నా గొంతుతో "హాజర్" అన్నాడు. వాడి నిక్కరు నుంచి నీళ్లు కారుతున్నాయి. వాడు లోపలికి పోయాడు. గేటు పడింది. నేను బయట ఉండిపోయాను.

ఆ తర్వాత కళ్లు తెరిచింది సంగారెడ్డి దవాఖానలో. పందెం పూర్తయిందని చెప్పారు. పక్కా ఆర్డరు వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ గేటులోంచే పోయి వచ్చాను. కానీ లోపలికి పోయేది నేనా వాడా అని ఒక్కోరోజు పొద్దున అనుమానం వచ్చేది. గేటు దాటగానే ఒకసారి ఎడమ చెప్పు విప్పి, అడుగు తడిగా ఉందేమోనని చూసుకునేవాణ్ణి.

ఇక్కడిదాకా రాసి, నిన్న నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చింతపండులో గింజలు తీస్తూ వింది.

"ఎట్లుందే?" అన్నాను.

"ఏ వాచ్‌మన్ నీతోటి మాట్లాడలే," అంది.

"నువ్వు గట్టు మీద ఉంటివి. నీకేం తెలుసు?"

"నువ్వు గట్టు దాటితే గద నాకు తెల్వకపోయేది. సైకిల్ ఎక్కలే, ఉరుకలే. ఒడ్డు కాన్నుంచి జెరంత దూరం పోయి, ఉన్నకాడనే గుండ్రంగ తిరుగవడితివి. పిలిస్తె పలుకవు. ఆ సాబు గట్టు మీద నిలవడి చేతులు నలుపుకుంటుండు. ఇగ నేనే కొంగు నడుముకు చుట్టి దిగి, జుట్టు వట్టి గుంజుకొచ్చిన."

"నువ్వు చెర్ల దిగినవా?"

"నా పిక్కల మీద మచ్చలు ఎట్లొచ్చినయనుకున్నవ్? నీకు ఎన్నడన్న అడుగబుద్ధయిందా?"

అవి గజ్జి మచ్చలనుకుని ఒకప్పుడు మలాము కూడా తెచ్చి ఇచ్చాను.

"మరి పర్మినెంట్?"

"సాబు దవాఖానకొచ్చి, చెరువు సంగతి పేపరోళ్లకు గిట్ట చెప్పకు అమ్మా అన్నడు. పక్కా ఆర్డరు తెచ్చి నా చేతుల పెట్టు, అప్పుడు సప్పుడు చెయ్యను అన్న. తెచ్చిండు. పందెం గెల్సినవని నీకు నేనే చెప్పిన, నువ్వు మంచంల పడి పందెం పోయింది పోయింది అని ఏడుస్తుంటే సూడలేక. ఇగ ఆ గేట్ల కాడి కత కొట్టెయ్యి. రాస్తె ఆ నీళ్ల సంగతి రాయి."