కోల్డ్ స్టోరేజీలో లేని డోలు

మీ మేనత్త కళ్ళు మూసుకుని మిమ్మల్ని నమ్మితే, ఆ నమ్మకం మీద మీరెంత కమీషన్ తీసుకుంటారు? ప్రసన్నకుమార్ తొమ్మిది శాతం తీసుకున్నాడు.

అతడు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. వయసు ముప్పై ఆరు. పదమూడేళ్ళుగా కౌంటరు వెనక కూర్చుని బాండ్లు రాస్తున్నాడు. రైతు తన టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, లోపల దాచి, లాట్ నంబరు వేసిన రశీదు పుచ్చుకుంటాడు. దాన్నే బాండు అంటారు. ధర పెరిగితే ఆ బాండును అమ్ముతాడు. కొన్నవాడు మరొకడికి అమ్ముతాడు. బస్తా చల్లటి గదిలోంచి కదలదు; కాగితం మాత్రం నాలుగు చేతులు మారుతుంది. ఈ వ్యవహారాన్ని అంత దగ్గరగా చూసిన ప్రసన్నకుమార్ అందులోంచి ఒక తప్పు పాఠం నేర్చుకున్నాడు: లాభం సరుకులో లేదు, కాగితంలో ఉంది.

ఆదివారాల్లో అతడు అద్దంకి దగ్గరున్న సొంత ఊరికి వెళ్ళి చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. సంగీతమంటే ప్రాణం. అందుకే ఫోనులో ‘రాగకోట’ ప్రకటన కనబడగానే ఆగిపోయాడు. అది బ్లాక్‌చెయిన్ మీద, అంటే డిజిటల్ నాణేలతో, నడిచే ఆట. అందులో డబ్బిచ్చి కొనే ఒక్కో బొమ్మ కార్డు ఒక్కో వాయిద్యం. ఆట విడుదలయ్యాక ఆటగాళ్ళు వాయిద్యాలు కూర్చుకుని, బృందాలు కట్టి పోటీపడతారట. విడుదలకు ముందే కొన్నవాళ్ళకు అరుదైన వాయిద్యాలు చవకగా దక్కుతాయట. ఆట ఇంకా పుట్టలేదు, కార్డులు మాత్రం అమ్ముడవుతున్నాయి. బాండ్లు రాసే మనిషికి ఇందులో వింతేమీ తోచలేదు. ఒక క్లారినెట్ కొన్నాడు. మరొకరిని చేర్పిస్తే వారు కట్టినదాంట్లో తొమ్మిది శాతం ఇస్తామన్న వాక్యం దగ్గర అతనికి ఆదెమ్మ గుర్తొచ్చింది.

ఆదెమ్మ అతని తండ్రికి చెల్లెలు. భర్త పోయాక ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేస్తోంది. ఆ ఏడు పదిహేను టిక్కీలు మేనల్లుడి స్టోరేజీలోనే దాచింది. వచ్చే ఏటి కౌలు, విత్తనం, పురుగుమందులు, అన్నీ ఆ పదిహేను టిక్కీలే. అవి ఉంటే ఆమె రైతు. పోతే మళ్ళీ ఒకరి కల్లంలో తొడిమలు తీసే కూలీ.

“ఇది కూడా బాండే అత్తా,” అన్నాడు ప్రసన్నకుమార్. “స్టోరేజీలో నీ కాయలుంటాయి చూడు, అట్టాగే కంప్యూటర్లో నీ డోలుంటుంది.”

“డోలు నేనేం చేసుకోనురా? ఈ వయసులో మెడలో ఏసుకుని వాయించనా?”

“నువ్వు వాయించక్కర్లా. ఆట మొదలయ్యాక వాయించేవోళ్ళే నీ దగ్గరికొచ్చి కొనుక్కుంటారు.”

“లాట్ నంబరుందా?”

ఉందన్నాడు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరుస ఒకటి చూపించాడు. ఆమె దాన్ని భక్తిగా చూసింది.

“ఇంత పొడుగా! పెద్ద స్టోరేజీయే అయ్యుంటుందిలే,” అని, పదిహేను టిక్కీలూ అమ్మి డోలు కొనమని తన బాండు వెనక వేలిముద్ర వేసింది.

ఆట చెప్పిన రోజునే విడుదలైంది. ఎవరూ బోర్డు తిప్పేయలేదు. ఆదెమ్మ ఫోనులో డోలు తెరుచుకుంది. బొమ్మ మీద వేలు పెడితే రెండు సెకన్లు మోగింది. కొనేవాళ్ళు లేరు. ఆడేవాళ్ళూ లేరు. వచ్చినవాళ్ళందరూ అమ్ముకోవడానికే వచ్చారు.

కౌలు గడువు వారంలోకి వచ్చింది. “ఇంకా రేటు రాలా అత్తా,” అన్న మాట ఎన్నోసారో విన్నాక, ఆదెమ్మ ఒంటరిగా బస్సెక్కి గుంటూరు వచ్చి స్టోరేజీ కౌంటరు ముందు నిలబడింది. మిరప ఘాటుకు దగ్గుతూ, మేనేజరు సంజీవరావుకు ఫోను చూపించింది.

“రేటు లేకపోయినా పర్లేదయ్యా. నా డోలు నాకిచ్చెయ్యండి, తీసుకెళ్తా.”

“డోలేంటమ్మా? ఇది మిర్చి స్టోరేజీ.”

“ఇదీ అట్టాంటిదేనంట. నంబరుంది, చూడండి.”

బస్తాలు మోసే బుడాన్ అక్కడే ఉన్నాడు. “సార్, మూడో గదిలో సన్నాయి కూడా ఉందిగా! రెండూ కలిపి పంపించండి, ఊరేగింపుగా ఎల్లిద్ది!”

హమాలీలందరూ నవ్వారు. “నవ్వితే నవ్వండి. గది తెరవండి,” అంది ఆదెమ్మ.

సంజీవరావు వెనక్కి తిరిగాడు. “ప్రసన్నా, ఈవిడ మీ వైపు మనిషేగా? తెలుసా నీకు?”

“మా ఊరేనండి,” అన్నాడు ప్రసన్నకుమార్, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా.

ఆదెమ్మ అతని వైపు ఒక్క క్షణం చూసింది.

“అవునయ్యా, ఒక ఊరే,” అని ఫోను కొంగున చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే పొలం మరొకరి కౌలులోకి పోయింది.

ఆగస్టులో ఆమె లాయరునైన నా ఆఫీసుకు వచ్చింది. ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పడానికి సాయంగా ప్రసన్నకుమార్‌నే వెంటబెట్టుకొచ్చింది. ఆ నలభై ఒక్క పేజీల నిబంధనలు నేను చదివాను. ఒక్క అబద్ధం లేదు. కార్డు వల్ల కొనుగోలుదారుకు ఏ హక్కూ రాదని పంతొమ్మిదో పేజీలో స్పష్టంగా రాసే ఉంది. చదివి ఒప్పుకున్నానన్న గడిలో ఆమె తరఫున టిక్కు పెట్టింది ప్రసన్నకుమార్. చదవలేని మనిషి ఒప్పుకోలును ఒప్పుకోలుగా లెక్కించే న్యాయాన్ని మనం ఎంతకాలం సహించాలి? కంపెనీ చిరునామా మాత్రం ఎక్కడో ఒక ద్వీపంలోని పోస్టుబాక్సు.

“అక్కడ నోటీసు అందుకునే మనిషే ఉండడు,” అన్నాను. “ఇక్కడ కమీషన్ తీసుకుని చేర్పించినవాడెవరైనా ఉంటే ప్రతివాదిగా చేర్చవచ్చు. అతనికి ఊరుంటుంది, ఇంటి నంబరుంటుంది, జీతముంటుంది. మీకు ఏమైనా తిరిగి రావాలంటే అతని దగ్గరి నుంచే రావాలి.”

“అట్టాంటోళ్ళు ఎవరూ లేరమ్మా,” అంది ఆదెమ్మ. “అంతా మా వాడే దగ్గరుండి చూసుకున్నాడు.”

ప్రసన్నకుమార్ కాగితాలన్నీ సర్ది నా వైపు జరిపాడు. అతనికి వచ్చిన కమీషన్ కూడా ఆ ఆటలో మాత్రమే చెల్లే నాణేలు. వాటితో మరో కార్డు తప్ప ఏదీ కొనలేడు. ఇలాంటి కేసులో పేరెక్కిన గుమాస్తా చేత బాండ్లు రాయించే స్టోరేజీ గుంటూరులో ఉండదు. నోరు విప్పకపోతే అతన్ని పట్టించే సాక్ష్యం నా బల్ల మీద లేదు.

“మేడం, ఆ కమీషన్ తీసుకుంది నేనే,” అన్నాడు. “తొమ్మిది శాతం.”

“ఏం శాతంరా?” అంది ఆదెమ్మ.

అతడు ఆమె వైపు తిరగలేదు. “మొదటి ప్రతివాదిగా నా పేరు రాయండి. కంపెనీ పేరు రెండోది. ఉద్యోగం పోతుందని తెలుసు. రాయండి.”

పేరు, వయసు, ఇంటి నంబరు రాసుకున్నాను. తండ్రి పేరు అడిగాను. చెప్పాడు. పోయిన తన అన్న పేరు ఆ వరుసలో వినబడగానే ఆదెమ్మ బల్ల మీదికి వంగింది.

“ఆ పేరు కొట్టెయ్యమ్మా. కేసే వద్దు.”

“కొట్టెయ్యొద్దండి,” అన్నాడు ప్రసన్నకుమార్.