నిశ్శబ్ద వనంలో సైరనత్త

కోడలు వద్దు వద్దంటూ వెంటపడుతున్నా వినకుండా సైరనత్త పార్కుకు బయల్దేరింది. నిన్న సాయంత్రం అక్కడి వాచ్‌మన్ ఆవిణ్ణీ, మిల్లులో ఆవిడకు నూలు చుట్టిన బాబిన్లు అందించిన పాత జోడీ బాబిన్ల వదిననీ, గట్టిగా మాట్లాడుతున్నారని బెంచీ మీంచి లేపేశాడు. వదిన సిగ్గుతో చచ్చిపోయి, ఇక ఆ గడప తొక్కనని ఒట్టేసుకుంది. సైరనత్తకు మాత్రం రాత్రంతా ఒళ్లు మండింది. ఇవాళ తాడోపేడో తేల్చుకోవాల్సిందే.

సైరనత్త అన్నది పేటవాళ్లు పెట్టిన పేరు. ఆవిడ వంటింట్లో పలకరిస్తే వీధి చివర జవాబిస్తారు. ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లికి ముందే బట్టల మిల్లు నేతషెడ్డులో చేరింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. పోగు తెగిందని చెప్పాలన్నా, పోట్లాడాలన్నా గొంతు చించుకోవాలి, లేదా పెదాలు చూసి మాట పట్టుకోవాలి. మిల్లు మూతపడేనాటికి గొంతు మిగిలింది, చెవులు పోయాయి.

ఏళ్ల తరబడి ముళ్లకంప మొలిచిన ఆ మిల్లును ఊరివాళ్లు పార్కు చేశారు. చెట్లు నాటారు, కూరగాయల మళ్లు వేశారు. మిల్లు పోయిందని సైరనత్త కన్నీళ్లు పెట్టుకోలేదు. దూది పీల్చిన చోట గాలి పీలుస్తున్నాం, అంతకంటే ఏం కావాలి అనుకుంది. నేతషెడ్డుకు పైకప్పు తీసేసి, గోడలకు తీగలు పాకించి, పుస్తకాలు చదువుకునేవాళ్ల కోసం ‘నిశ్శబ్ద వనం’ అని బోర్డు పెట్టారు. సరిగ్గా ఆవిడ మగ్గం ఉండే చోట బెంచీ పడింది. ఇవాళా ఆవిడ పోయి అక్కడే కూర్చుని, ‘రావే, కూర్చో!’ అని కోడల్ని పిలిస్తే షెడ్డంతా మారుమోగింది. కోడలు మాత్రం తలవంచుకుని గోడ వారన నిలబడిపోయింది.

పార్కు కమిటీ కార్యదర్శి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. వంగి గుసగుసగా అన్నాడు. "అమ్మా, ఇక్కడ మెల్లగా మాట్లాడాలి."

పెదాలు చూడగానే ఆవిడకు అర్థమైంది. అయినా ఊరుకుంటుందా?

"ఏంటి బాబూ?"

"మెల్లగా... మాట్లాడాలి."

"కాస్త గట్టిగా చెప్పు నాయనా, చెవుడు!"

"ఇక్కడ అరవకూడదండీ!" అని కార్యదర్శి అరిచాడు.

చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తి ఆయన వంకే చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం కందగడ్డయింది.

"మీకు వెనకగేటు దగ్గర వేరే బెంచీ వేయిస్తామండీ," అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"ఎందుకూ? వయసంతా ఇక్కడే నిలబెట్టారు. కాళ్లు వాచినా కూర్చోమన్నవాడు లేడు. ఇవాళ కూర్చుంటే లేవమంటావా? నా చెవులు ఈ షెడ్డులోనే పోయాయి. వెతికి తెచ్చివ్వు, గొంతు తగ్గిస్తాను. అందాకా నేను లేవను, నా వదినా లేవదు. రేపు దాన్ని కూడా లాక్కొస్తాను!"

కార్యదర్శి కోడలి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా."

కాపురానికి వచ్చినప్పటినుంచి ఇంట్లో గొంతెత్తి ఎరగని ఆ పిల్ల గోడ వదిలి బెంచీ దగ్గరికి నడిచింది. షెడ్డంతా వినబడేలా ఒక్క కేక పెట్టింది.

"అత్తయ్యా! కాస్త జరగండి, నేనూ కూర్చుంటాను!"